రెండు చేటల తవుడు

జూన్ 16, సోమవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చాక డైరీ మొదలుపెట్టడమంటే, సినిమాకి విశ్రాంతి అయ్యాక వెళ్లి టిక్కెట్టు అడగడమే. కానీ పురుగుమందుల కంపెనీవాళ్లు 2014లో ఇచ్చిన డైరీ ఒకటి అటక మీద ఖాళీగా పడి ఉంది. ఆ ఏటి తేదీలూ వారాలూ ఈ ఏటికి అచ్చంగా సరిపోతాయి. పదకొండేళ్లు ఓపిక పడితే పాత డైరీ కొత్తదవుతుందని నేను సొంతంగా కనిపెట్టాను. తెనాలిలో ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా అంటే తెలియదనే నా నమ్మకం. ప్రతి పేజీ అడుగునా రైతుకొక సలహా అచ్చేశారు. ఇవాళ్టిది: "నారుమడిలో మురుగునీరు నిలవనివ్వకండి." సరే, నిలవనివ్వను.

సంగతికొస్తాను. బాపట్ల నుంచి ఎబినేజర్ ఫోను చేశాడు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చేసినవాడు. చుట్టుపక్కల మాజీ సైనికుల కాగితాలన్నీ ఊరికే మోస్తుంటాడు. అరవై దాటినా, ఫోనులో ఆఫీసరు గొంతు వినపడితే ఇప్పటికీ లేచి నిలబడతాడు.

"బాబాయ్ గారూ, కూర్చున్నారా?"

"ఈ వయసులో ఇంకేం చేస్తానయ్యా?"

"మీ అన్నగారు దొరికారండి."

నా నోట వెంటనే వచ్చిన మాట, "ఎలా ఉన్నాడు?"

ఎందుకన్నానో నాకే తెలియదు. మా అన్న బసవలింగం అరవై రెండులో చైనా యుద్ధానికి వెళ్లి మళ్లీ కనపడలేదు. ఎబినేజర్ మర్యాదస్తుడు. కాసేపు ఆలోచించి, "బాగానే ఉన్నారండి, ఎముకలు" అన్నాడు.

అరుణాచల్ కొండల్లో రోడ్డు వెడల్పు చేస్తుంటే మట్టిపెళ్ల విరిగిపడిందట. లోపల ముగ్గురు సైనికులు. బొత్తాలు, బూటు అడుగులు, ఒక సత్తు గ్లాసు. గ్లాసు మీద చుక్కలతో కొట్టిన అక్షరాలు. అది ఏ భాషో తేల్చడానికి నెల పట్టింది. చివరికి తెలుగు వంటవాడొకడు చూసి "బసవ రే" అని చదివాడట. దాంతో 'రే' అనే ఇంటిపేరు పట్టుకుని బెంగాలీ సైనికుల రికార్డులు ఇంకో నెల తిరగేశారు. అక్కడా దొరక్క, తప్పిపోయిన తెలుగువాళ్ల జాబితాలో బసవలింగం పేరు చూసి ఎబినేజర్‌కి కబురు పెట్టారట.

ఆ "రే" సంగతి ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. సెలవైపోయి వెళ్లిపోతూ అన్న తెనాలి బజారులో ఆ గ్లాసు కొన్నాడు. పేరు కొట్టించని గ్లాసులో తాగితే మావాళ్లకి దాహం తీరదు. "బసవ రేపల్లె" అని కొట్టమన్నాడు. నాకు అప్పుడు పదిహేనేళ్లు, పక్కన నిలబడి చూస్తున్నాను. కొట్టేవాడు ఉలితో చుక్క చుక్కా పెడుతున్నాడు. "రే" అయ్యేసరికి స్టేషన్లో రైలు కూసింది. అన్న గ్లాసు లాక్కుని పరిగెత్తుతూ, "పల్లె వచ్చాక కొట్టించుకుంటాలేరా" అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే. గొప్ప మాటేం కాదు.

ఆ ముగ్గురిలో మా అన్న ఎవరో తేలాలంటే తల్లి తరపు రక్తసంబంధీకుల నమూనా కావాలట. తల్లి నుంచి పిల్లలందరికీ మారకుండా దిగేది ఒకటుంటుందట. మా అమ్మ కడుపున పుట్టినవాళ్లలో మిగిలింది నేనే.

"ఒక్కసారి బాపట్ల వచ్చి బుగ్గ ఇస్తే చాలండి" అన్నాడు ఎబినేజర్.

అమ్మ పోయేముందు, "వాడి గోరు దొరికినా సరే, మన కాలవ గట్టుకే తీసుకురారా" అంది. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిద్దామని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. నేను తెస్తానని మాటిచ్చాను. దొరకడని ధైర్యంతో ఇచ్చిన మాట అది.


జూన్ 19, గురువారం

బాపట్ల వెళ్లొచ్చాను. దారిలో నిడుబ్రోలులో మిరపకాయ బజ్జీలు తిన్నాను. అదొక తప్పు.

"ఏమన్నా తిన్నారా తాతగారూ?" అంది నర్సు సాయిసుధ.

"బజ్జీలు."

"ఎన్ని?"

"ఈ ప్రశ్న మా అన్న కోసమా అమ్మా, నీ కోసమా?"

"పుక్కిలించి అరగంట కూర్చోండి. లేకపోతే మీ బదులు బజ్జీల డి.ఎన్.ఏ. వస్తుంది."

అరగంట కూర్చున్నాను. తర్వాత బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది, వేలి మీద పొడిచి ఒక అట్టముక్క మీద రక్తం అద్దింది. కాగితంలో బంధుత్వం దగ్గర "సొంత తమ్ముడు" అని రాశాను. నా పేరు చూసి, "తవిటయ్య అంటే ఏంటండి?" అంది.

అడిగితే చెప్పకుండా ఉంటానా? అన్న తర్వాత అమ్మకి ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. బిడ్డలు దక్కని ఇంట్లో అప్పట్లో ఒక తంతు చేసేవారు. పుట్టినవాణ్ణి చేటలో పెట్టి ఎవరికో ఇచ్చేసినట్టు ఇచ్చి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కునేవారు. వీడు కొనుక్కొచ్చిన బిడ్డ, ఈ ఇంటివాడు కాదు అనుకుని మృత్యువు వదిలేసి పోతుందని. అలా నేను తవిటయ్యనయ్యాను. ఆచారానికి ఒక చేట చాలు. అమ్మ మాత్రం ఎప్పుడు చెప్పినా "రెండు చేటలు పోశాను రా" అనేది. గొప్ప కోసం పెంచి చెప్పేదనుకునేవాణ్ణి. పెద్దయ్యాక నేను పని చేసింది కూడా తెనాలి రైసుమిల్లులోనే, నలభై ఒక్క ఏళ్లు. తవుడుకొచ్చి తవుడులో బతికిన మనిషినమ్మా అంటే ఆ పిల్ల దూదిపుల్లలు పక్కన పెట్టి మరీ నవ్వింది.

ఈ కథకి నవ్వనివాళ్లని నేను చూడలేదు. మా ఆవిడ సుందరమ్మ తప్ప. ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచీ వింటోంది.


జూన్ 20, శుక్రవారం

బుగ్గ లోపల మంట. బజ్జీల వల్లే.


జూలై 24, గురువారం

ఎబినేజర్ ఇంటికే వచ్చాడు. ఫోనులో చెప్పే మనిషి రైలెక్కి వచ్చాడంటే ఏదో ఉందని సుందరమ్మ కాఫీలో చక్కెర ఎక్కువ వేసింది.

"బాబాయ్ గారూ, మీ నమూనా కలవలేదండి."

"ఎవరితో?"

"ముగ్గురితోనూ."

"అయితే మా అన్న ఆ ముగ్గురిలో లేడన్నమాట."

"అలాగైనా అనుకోవచ్చండి."

"ఇంకెలాగైనా అనుకోవచ్చా?"

అతను కాఫీ గ్లాసులోకి చూశాడు. "సత్తు గ్లాసు మాత్రం మీ అన్నగారిదేనండి. ఆ చుట్టుపక్కల తప్పిపోయినవాళ్లలో రేపల్లె వైపు మనిషి ఆయనొక్కరే."

ఈ పేజీ అడుగున సలహా: "విత్తనం కొనేముందు సంచి మీద ముద్ర సరిచూసుకోండి." ఈ కంపెనీవాళ్లకి వేరే పనిలేదు.


జూలై 25, శుక్రవారం

సీసాలు మారిపోయి ఉంటాయి.


జూలై 26, శనివారం

సీసాలు వాడరట. అట్టలట. అట్టలు మారిపోయి ఉంటాయి.


జూలై 29, మంగళవారం

పొరపాట్లు జరుగుతాయి. మిల్లులో ఉండగా ఒకసారి ఇద్దరు రైతుల బస్తాలు మారాయి. ఒకాయన ధాన్యం ఇంకొకాయన పేరు మీద ఆడించి పంపాను. తెలిశాక వారం రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ధైర్యం చేసి ఇద్దరి ఇళ్లకీ వెళ్లాను. ఇద్దరూ సుబ్బరంగా భోంచేస్తున్నారు. "మన పొలం బియ్యం రుచే వేరు తవిటయ్యా" అన్నాడు ఒకాయన. రెండో ఆయనా అదే మాటన్నాడు. ఆ విషయం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇదెందుకు రాశానో మర్చిపోయాను. ఆ, మళ్లీ బుగ్గ ఇస్తానని ఎబినేజర్‌కి చెప్పాను.


ఆగస్టు 1, శుక్రవారం

ఇచ్చాను. నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. "అంత కఠినం అక్కర్లేదు తాతగారూ" అంది సాయిసుధ. అన్న కోసమమ్మా అన్నాను. ప్లాట్‌ఫాం మీద కళ్లు తిరిగితే నిమ్మసోడా తాగి కూర్చున్నాను.


ఆగస్టు 15, శుక్రవారం

ఏటా లాగానే రేపల్లె పక్కన మా ఊరు వెళ్లి లాకుల సెంటర్లో అన్న విగ్రహానికి దండ వేశాను. అంటే నాకు నేనే వేసుకున్నాను.

తొంభై నాలుగులో ఊరివాళ్లు విగ్రహం పెడదామన్నారు. అన్నది ఒకటే ఫోటో ఉంది. కెమెరా క్లిక్కుమనే వేళకి వాడు తల తిప్పాడు. మెడ నుంచి కిందికి స్పష్టంగా సిపాయి, పైన తెల్లగా పొగ. తెనాలిలో విగ్రహాలు చేసే వెంకటరత్నం దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "పొగకి విగ్రహం చెయ్యలేనండి" అన్నాడు. "సొంత తమ్ముడు ఉన్నారుగా. పోలికలెక్కడికి పోతాయి, మీరు కూర్చోండి." ఎవరిదో ఎన్.సి.సి. టోపీ పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్లుగా నా మొహం తుపాకీ పట్టుకుని లాకులు కాస్తోంది. బడిపిల్లలు దానికో జైహింద్ కొట్టి, తిరిగి నాకో జైహింద్ కొడతారు.

ఆవిష్కరణ నాడు మా సుబ్బాయమ్మక్క, పిన్ని కూతురు, గుడ్డ తియ్యగానే అందరి ముందూ లేచింది. "వీడు మా బసవడు కాదు, ఈ తవిటిగాడే. పోలిక ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావు రా?" అంది. మైకు ఆవిడ పక్కనే ఉంది. రేపల్లె దాకా వినపడి ఉంటుంది. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు.

ఇవాళ దండ వేస్తూ విగ్రహాన్ని కాస్త ఎక్కువసేపు చూశాను. ఎండకి కళ్లు సరిగ్గా ఆనలేదు, అంతే.


సెప్టెంబర్ 1, సోమవారం

మళ్లీ కలవలేదు.

అక్టోబర్ ఆఖరుకల్లా తేలకపోతే ముగ్గురినీ అక్కడే పూడ్చి, రాయి మీద 'తెలియని సైనికుడు' అని చెక్కి నంబరు వేస్తారట. ఎబినేజర్ గొంతు తగ్గించి అడిగాడు. "మీ అమ్మగారి అక్కచెల్లెళ్ల వైపు ఆడవాళ్ల సంతానం ఎవరన్నా ఉన్నారా బాబాయ్ గారూ?"

ఒక్కతే ఉంది. రేపల్లెలో. మైకు పక్కన.


సెప్టెంబర్ 3, బుధవారం

ఇది పొడుగ్గా రాస్తాను. లేదా రాయను. రాస్తాను.

సుబ్బాయమ్మక్కకి ఎనభై ఏడు. ఇల్లు స్టేషను వెనకే. తలుపు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"తెనాలి నుంచి రేపల్లె రావడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టిందేరా?"

"సింగిల్ లైను గదక్కా."

నవ్వు ఆపుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. కుర్చీ చూపించింది. ఎముకలు, గ్లాసు, బుగ్గ, రెండుసార్లు కలవకపోవడం, అంతా చెప్పాను. "ఆ పరీక్షలు చేసేవాళ్లు ఏదో పొరపాటు..." అని మొదలుపెట్టాను.

"పొరపాటేం లేదు. మంచినీళ్లు తాగు."

తాగాను.

"అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కోతల రోజులు. మా అమ్మ పెద్దమ్మకి, అదే మీ అమ్మకి, పురుడు పొయ్యడానికి వెళ్తే నేనూ వెంటబడి మీ ఇంటికొచ్చా. పుట్టినవాడు గంట కూడా లేడు రా. నాలుగోవాడు. మీ నాన్న కళ్లంలో ఉన్నాడు, ఆయనకి తెలీదు. పెద్దమ్మ ఏడవలేదు. మంత్రసాని చెయ్యి పట్టుకుని వదల్లేదు. మెట్ట నుంచి కోతలకొచ్చినవాళ్లు కళ్లం పక్కన పాకలేసుకున్నారు. వాళ్లలో ఒకావిడకి రెండ్రోజుల ముందు కొడుకు పుట్టాడు. అప్పటికే నలుగురు పిల్లలు. మంత్రసాని వెళ్లి మాట్లాడి చేటలో పెట్టుకొచ్చింది. వెనకాలే ఆవిడ వచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. పెద్దమ్మ తవుడు పోసింది. చూసినవాళ్లంతా తంతు అనుకున్నారు. మీ నాన్నా తంతే అనుకున్నాడు."

గ్లాసులో మిగిలిన నీళ్లు కూడా తాగేశాను.

"ఒక చేట పోస్తే ఆవిడ చాలదంది. రెండో చేటా పోయించుకుంది."

"వాళ్లకి గేదెలున్నాయా?" అన్నాను. అడగడానికి ఇంకేం తోచలేదు.

"గేదెలేంట్రా? తినడానికి. ఆ రోజుల్లో జనం తవుడు రొట్టెలు తిన్నారు."

గోడ మీద గడియారం ఆగిపోయి ఉంది. పదకొండూ పది. ఎప్పటి పదకొండూ పదో.

"మళ్లీ వచ్చిందా ఆవిడ?"

"మరుసటేడు కోతలకొచ్చింది. నువ్వు అరుగు మీద పాకుతున్నావు. చూసి, 'బానే పెంచారమ్మా' అంది. పెద్దమ్మ చీర పెట్టింది. ఆ పైయేడు రాలేదు."

"పేరు?"

"ఎనిమిదేళ్లదాన్ని. కూలికొచ్చినావిడ పేరు నేనెందుకు అడుగుతాను రా?"

ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత ఆవిడే అంది. "రక్తం ఇస్తా, బుగ్గ ఇస్తా, ఏది కావాలంటే అది ఇస్తా. కానీ ముందు ఆ విగ్రహం ముక్కు మార్పించు."

"అక్కా, ఇది సైన్యం వ్యవహారం."

"నాదీ యుద్ధమే. ముప్పై ఒక్క ఏళ్లయింది. బసవడిది మా అమ్మమ్మ ముక్కు. ఇదుగో, ఇది." వేలితో తన ముక్కు కొట్టి చూపించింది. "వాడు వచ్చేసరికి వాడి ముక్కు వాడికుండాలి. నువ్వు పెట్టింది ఏ ఊరి ముక్కో."

అని, అన్నందుకు కొంచెం నొచ్చుకుని, అరటిపండు ఇచ్చింది.


సెప్టెంబర్ 4, గురువారం

రెండు చేటలు.


సెప్టెంబర్ 5, శుక్రవారం

సుందరమ్మకి చెప్పాను. పప్పు గిన్నె దించి, "అయితే మా నాన్న నన్నెవరికిచ్చి చేసినట్టు?" అంది.

"నాకే."

"మీరెవరు?"

"అదే కనుక్కుంటున్నారు."

"వాళ్లు కనుక్కునేలోపు ఈ కొబ్బరికాయ వలిచి పెట్టండి."

వలిచి పెట్టాను. తర్వాత ఆవిడ వంటింట్లోంచే, "పాపం, మొదటి చేటకే ఇచ్చేసి ఉంటే మీకు విలువ ఉండేది కాదు" అంది. నవ్వించడానికే అంది. నవ్వాను.

అమ్మ జన్మలో నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నన్ను కొన్నానంది, ఎంతకి కొన్నదో కూడా చెప్పింది. ఆవిడ చెప్పిన ప్రతిసారీ ముందు నవ్వింది నేను.


సెప్టెంబర్ 6, శనివారం

నాకేం బాధ లేదు.


సెప్టెంబర్ 11, గురువారం

ముక్కు పని అయింది. వెంకటరత్నం తెనాలి నుంచి సిమెంటూ పనిముట్లూ వేసుకొచ్చాడు. లాకుల సెంటర్లో సుబ్బాయమ్మక్కని కుర్చీలో కూర్చోబెట్టి గొడుగు నేను పట్టుకున్నాను. ఊళ్లో సగం మంది పని మానుకుని చూశారు. అతను ఇనప కొలతకర్రతో ఆవిడ ముక్కు కొలిచి, నిచ్చెన ఎక్కి సిమెంటు పెట్టి, దిగి మళ్లీ కొలిచాడు.

"కదలకండమ్మా."

"ముక్కు ఎక్కడికి పోతుంది నాయనా?"

"ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ ముక్కు కాస్త పెద్దదవుతుందండి. తగ్గిస్తాను."

"తగ్గించావా, బుగ్గ ఇవ్వను."

తగ్గించలేదు. ఇప్పుడు విగ్రహం ఎడమ నుంచి చూస్తే నేను, కుడి నుంచి చూస్తే సుబ్బాయమ్మక్క. ఎదురుగా నిలబడితే ఎవరో నాకు తెలియని మనిషి. అక్క మాత్రం కళ్లు తుడుచుకుని, "వచ్చాడు" అంది.

ఒక సంగతి ఇక్కడ రాసుకుంటాను, ఇంకెక్కడా చెప్పను. నాకు అన్న మొహం గుర్తులేదు. చాలా ఏళ్లుగా లేదు. ఉలి చప్పుడు గుర్తుంది, పరిగెత్తేటప్పుడు వాడి వీపు గుర్తుంది.


సెప్టెంబర్ 16, మంగళవారం

అక్క బాపట్లలో బుగ్గ ఇచ్చింది. "ఏమన్నా తిన్నారా బామ్మగారూ?" అని సాయిసుధ అడిగితే, "పళ్లుంటే గదమ్మా" అంది.


అక్టోబర్ 23, గురువారం

కలిసింది. రెండో నంబరు.

ఎబినేజర్ ఫోనులో చెబుతుంటే కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. లేచి నిలబడి చెబుతున్నాడు, నాతో మాట్లాడుతూ.

మిగతా ఇద్దరి తరపునా ఎవరూ రాలేదట. 'తెలియని సైనికుడు' రాళ్లు వాళ్లకి. ఎవరికి తెలియనట్టు? ఎవరో ఒకళ్లకి తెలిసే ఉంటారు. ఎవరో ఒకళ్లు స్టేషన్లో వాళ్ల వీపు చూసే ఉంటారు.

ఎబినేజర్ ఇంకొకటి కూడా చెప్పాడు. రూలు ప్రకారం పెట్టె అందుకోవాల్సింది నమూనా కలిసిన బంధువు. అంటే సుబ్బాయమ్మక్క. నిప్పు పెట్టేది ఎవరో కూడా ఆవిడే చెప్పాలి. నేను అక్కడ ఉండొచ్చట, ఊరివాళ్లతోపాటు.

ఎవరు అందుకుంటేనేం? ఊరికి రావడం ముఖ్యం. నేనూ అదే అన్నాను ఎబినేజర్‌తో. రెండుసార్లు అన్నాను.


నవంబర్ 12, బుధవారం

రేపు తెస్తున్నారు. తెల్లచొక్కా ఉతికించాను. ఊరివాళ్లతోపాటు నిలబడ్డా చొక్కా కావాలి కదా.


నవంబర్ 13, గురువారం

పెట్టె చిన్నది. మిల్లులో బియ్యం కొలిచే కుంచం కంటే కాస్త పెద్దది. దాని చుట్టూ ఎనిమిది మంది సిపాయిలు, ఒక కుర్ర ఆఫీసరు. ఆయనకి హిందీ, ఇంగ్లీషు తప్ప రావు. ఎబినేజర్ మధ్యలో నిలబడి అటూ ఇటూ మాటలు మోశాడు.

లాకుల సెంటర్లో విగ్రహం ముందు ఆపారు. పూలు చల్లారు. ఆఫీసరు కాగితం చూసి సుబ్బాయమ్మక్క పేరు పిలిచాడు. నేను రెండో వరసలో, అరటిగెలలు అమ్మే అతని పక్కన ఉన్నాను. ఇద్దరు పట్టుకుంటే అక్క కుర్చీలోంచి లేచి పెట్టె మీద చెయ్యి వేసింది. వేసి, నా వైపు తిరిగింది.

"ఒరే తవిటిగా, అక్కడేం చేస్తున్నావు రా? రా ఇటు."

కదల్లేదు నేను. చొక్కా సర్దుకున్నాను.

"వాడికివ్వండి" అంది ఆఫీసరుతో.

ఎబినేజర్ చెప్పాడు. ఆఫీసరు కాగితం చూపించాడు. ఈ పేరు గల మనిషి నమూనా రెండుసార్లు కలవలేదని అందులో ఉందట. మర్యాదగానే చెప్పాడు. పురోహితుడు కూడా, "రక్తసంబంధం లేకపోతే మరి..." అని నసిగాడు. జనం గుసగుసలు మొదలెట్టారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి తనెవరో ఊరి నడిబొడ్డున తేలడం కోసం నిలబడితే ఎలా ఉంటుందో రాద్దామనుకున్నాను. వద్దు. చెమట పట్టింది.

అక్క గొంతుకి ఇప్పటికీ మైకు అక్కర్లేదు.

"వాళ్లమ్మ రెండు చేటల తవుడు పోసి కొనుక్కుంది వీణ్ణి, బసవడికి తమ్ముడు కావాలని. జనం తవుడు తిని బతికిన రోజుల్లో రెండు చేటలు! నేను చూశా. రక్తం మాకు ఊరికే వచ్చింది నాయనా. వీడు ఊరికే రాలేదు. చెప్పు ఆయనకి."

ఎబినేజర్ గుక్క తిప్పుకుని హిందీలో చెప్పాడు. ఆఫీసరు మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాడు. చేట అర్థం కాలేదేమో, రెండు చేతులతో చెరిగి చూపించాడు. సిపాయిలు ముందుకే చూస్తున్నారు, ఒకడి మీసం మాత్రం కదిలింది. ఆఫీసరు కాసేపు నన్ను చూశాడు, కాసేపు విగ్రహాన్ని చూశాడు. విగ్రహానికి ఎడమవైపు నిలబడి ఉన్నాడు. అది కలిసొచ్చిందనుకుంటాను. జేబులోంచి కలం తీసి కాగితంలో ఏదో రాసి, పెట్టె నా చేతుల్లో పెట్టి సెల్యూట్ కొట్టాడు.

పెద్ద బరువేం లేదు.

కాలవ గట్టు మీద, అమ్మని కాల్చిన చోటే, నేనే నిప్పు పెట్టాను. పురోహితుడు మంత్రాల్లో తమ్ముడనే చెప్పించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితంలో ఆఫీసరు ఏం రాశాడని ఎబినేజర్‌ని అడిగాను. ఫోనులో తీసిన ఫోటో చూసి చదివి చెప్పాడు. బంధుత్వం: తమ్ముడు. కొనుగోలు ద్వారా.


నవంబర్ 17, సోమవారం

సత్తు గ్లాసు ఇచ్చి వెళ్లారు. తెనాలి బజారుకి తీసుకెళ్లాను. గిన్నెలకి పేర్లు ఇప్పుడు మిషనుతో కొడుతున్నారు. "రే" పక్కన "పల్లె" కొట్టమన్నాను. పాత సత్తు, ఆగదేమోనండి అన్నాడు అతను. కొట్టమన్నాను. "ప" పూర్తవుతుండగానే చిల్లు పడింది.

ఇంటికి తెచ్చాను. సుందరమ్మ కడిగి అందులో గరిటెలు పెట్టుకుంది.